మటన్ మాని చికెన్ తింటే మేలేనా? కోడి వైపు నుంచి ఒక లెక్క

రంగు కోడిపిల్లలు గుర్తున్నాయా? అట్టపెట్టె నిండా గులాబీ, ఆకుపచ్చ, నీలం. సంతల్లో, జాతరల్లో, బడి గేటు ముందు అమ్మేవాళ్ళు. మూడో తరగతిలో మా నాన్న ప్రాణం తీసి ఒక గులాబీ పిల్లను కొనిపించుకున్నాను. చెప్పుల డబ్బాలో పాత లుంగీ ముక్క పరిచి, నూకలు చల్లి, పైన బల్బు వేలాడదీసి కాపలా కాశాను. మూడో రోజు పొద్దున చూస్తే కాళ్ళు చాపేసి ఉంది. "వాటికి ఆయుష్షు ఉండదురా" అని అమ్మ జామచెట్టు కింద పాతిపెట్టింది. ఎందుకుండదో ఆమెకు తెలీదు. నాకు ముప్పై దాటాక తెలిసింది.

అలా అమ్మే పిల్లలు ఎక్కువగా లేయర్ హేచరీల నుంచి, అంటే గుడ్ల కోళ్ళ పిల్లలను పొదిగించే చోట్ల నుంచి, వచ్చే మగపిల్లలు. గుడ్ల కోసం పెంచే జాతిలోనూ పొదిగిన పిల్లల్లో సగం పుంజులే పుడతాయి. పుంజు గుడ్డు పెట్టదు. పోనీ మాంసానికి పెంచుదామా అంటే బ్రాయిలర్‌లా కండ పట్టదు, మేత దండగ. అందుకని పుట్టిన రోజే ఆడా మగా వేరు చేసి మగవాటిని వదిలించుకుంటారు. చాలావాటిని చంపేస్తారు. కొన్నిటిని కారుచౌకగా అమ్మితే రంగులద్ది సంతకు తెస్తారు. ఇది మన దగ్గరి దుర్మార్గం ఏమీ కాదు, ప్రపంచమంతా ఇదే పద్ధతి. జర్మనీ మాత్రం 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. అక్కడ గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే యంత్రాలు పెట్టుకుంటున్నారు. మన వంటింట్లోకి వచ్చే గుడ్డు వెనక ఒక పెట్ట ఉంటే, ఆ పెట్ట వెనక మొదటి రోజే పోయిన ఒక తోడబుట్టినవాడు ఉంటాడు.

గుడ్డు సంగతి ముందే ఎందుకు ఎత్తుకున్నానంటే, మాంసం తగ్గిద్దామనుకునేవాళ్ళు చివరికి వచ్చి ఆగేది దాని దగ్గరే. మటన్ నుంచి చికెన్‌కి, చికెన్ నుంచి గుడ్డుకి, మెట్లు దిగినట్టు దిగుతారు. నలభై దాటిన మా ఆఫీసువాళ్ళలో సగం మంది ఈ మెట్ల మీదే ఉన్నారు. కొలెస్టరాల్ రిపోర్టు చూసిన డాక్టరు మటన్ మానేసి చికెన్ తినమంటాడు. గుండె వైపు నుంచి అది అర్థమున్న సలహా. వాతావరణం వైపు నుంచి చూసినా కిలోకి కిలో చికెనే నయం. నెమరువేసే జీవాల పొట్టలోంచి మీథేన్ వస్తుంది, కోడికి ఆ గొడవ లేదు. చిక్కంతా మూడో వైపు ఉంది. "పాపం, వాటి బాధ చూడలేక తగ్గించాను" అనేవాళ్ళు కూడా ఇవే మెట్లు దిగుతున్నారు. అక్కడ మాత్రం ఈ మెట్లు తలకిందులు.

ప్రాణాల లెక్క, రోజుల లెక్క

నెలకు రెండు కిలోల మాంసం తెచ్చుకునే ఇల్లు అనుకుందాం. ఏడాదికి 24 కిలోలు. ఒక పొట్టేలు నుంచి పన్నెండు కిలోల దాకా మాంసం వస్తుంది. అంటే రెండు పొట్టేళ్ళు. అదే ఇల్లు మటన్ మొత్తం మానేసి చికెన్‌కి మారిందనుకోండి. రెండు కిలోల బ్రాయిలర్ కోడిని స్కిన్‌లెస్ కొట్టిస్తే చేతికొచ్చేది కిలో మూడు వందల గ్రాములు, అటూ ఇటూ. 24 కిలోలకు పద్దెనిమిది కోళ్ళు కావాలి. రెండు చావుల చోట పద్దెనిమిది చావులు. దయతో మారినవాళ్ళు తొమ్మిది రెట్లు ఎక్కువ ప్రాణాలు తీయిస్తున్నారన్నమాట.

చావుల లెక్కతో ఆగితే సగమే తేలుతుంది. ఏ జీవమైనా ఏదో ఒక రోజు పోయేదే. ఆ రోజు వచ్చేదాకా ఎలా బతికింది అన్నది పెద్ద ప్రశ్న. అందుకే నేను ఇంకో లెక్క వేసుకున్నాను: కిలో తిండి కోసం ఒక జీవం ఎన్ని రోజులు బతకాలి?

పది నెలలు పెరిగిన పొట్టేలు పన్నెండు కిలోలు ఇస్తే, కిలోకి 25 రోజులు. నలభై రోజుల బ్రాయిలర్ కిలో మూడు వందలు ఇస్తే, కిలోకి 31 రోజులు. లేయర్ కోడి ఏడాదికి మూడు వందల గుడ్లు పెడుతుంది. గుడ్డు యాభై గ్రాములు అనుకుంటే పదిహేను కిలోలు, అంటే కిలోకి 24 రోజులు. ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నేనే రెండోసారి సరిచూసుకున్నాను. మూడూ దాదాపు ఒకటే! కిలో మటనైనా, కిలో చికెనైనా, కిలో గుడ్లైనా మనం ఒక జీవం బతుకులోంచి కొంటున్నది సుమారు నెల రోజులు. తేడా అంతా అవి ఎలాంటి రోజులు అన్నదాంట్లోనే.

(పాలకు ఇదే లెక్క వేస్తే లీటరుకు ఒక్క పూట కూడా పడదు. ఆ ముచ్చట తర్వాత.)

ఎలాంటి రోజులు

ముందు పొట్టేలు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో కోటీ 91 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో మొదటి స్థానం. రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. వీటిలో ఎక్కువ భాగం ఇంకా గొల్లకుర్మల మందల్లో, గుట్టల మీద, కోసిన మళ్ళలో మేసి పెరిగేవే. ఎండాకాలం మేత దొరకదు, వానాకాలం కాళ్ళపుండ్లు, గాలికుంటు రోగం, తోడేలు భయం. చివరికి లారీలో కుక్కి తెస్తారు. స్వర్గమేమీ కాదు. కానీ గొర్రె గొర్రెలాగే బతుకుతుంది. నడుస్తుంది, తల్లి వెంట తిరుగుతుంది, నచ్చిన ఆకు కొరుకుతుంది. ఈ మధ్య కొట్టాల్లో కట్టేసి దాణా పెట్టి పెంచే పద్ధతి కూడా పెరుగుతోంది కాబట్టి ఈ మాట రేపటికి ఎంత నిజమో చూడాలి.

బ్రాయిలర్ దగ్గరికి వద్దాం. మా మేనబావకు షాద్‌నగర్ దగ్గర షెడ్డుంది, పది వేల కోళ్ళది. షెడ్డు ఆయనది, కరెంటు బిల్లు ఆయనది, పని ఆయనదీ అక్కదీ. కోళ్ళు మాత్రం కంపెనీవి. పిల్లలు, దాణా, మందులు కంపెనీ దించుతుంది, నలభై రోజులకు తూకం వేసుకుని తీసుకుపోతుంది. బావకు కిలోకి ఇంత అని గ్రోయింగ్ చార్జీలు వస్తాయి. ఏ జాతి వేయాలి, ఏ దాణా పెట్టాలి, ఏ రోజు లిఫ్టింగ్ (కోళ్ళను ఎత్తుకుపోవడం) అన్నది ఏదీ ఆయన చేతిలో లేదు. కోళ్ళ బతుకు మీద కోపమొచ్చి "రైతులు ఇట్లా పెంచుతారేంటి" అనేవాళ్ళకు ముందు ఈ సంగతి తెలియాలి.

నేను మొదటిసారి ఆ షెడ్డులోకి పోయింది పిల్లలు దించిన వారానికి. ఊక మీద పసుపు తివాచీ పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి దూకుతూ, పరిగెడుతూ. రెండోసారి ముప్పై ఆరో రోజున. తలుపు తీయగానే అమోనియా ఘాటుకు కళ్ళు మండాయి. కోడికి ఒక చదరపు అడుగు చోటు. అడుగేస్తే తప్పుకోవాల్సిన కోళ్ళు తప్పుకోలేదు. లేచి నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూలబడ్డాయి. గొంతు, ఈకలు పసిపిల్లలవే, ఒళ్ళు మాత్రం పెద్దది. గోడ వారగా ఒకటి కాళ్ళు రెండు వైపులకూ జారిపోయి, డ్రింకర్ వైపు మెడ సాచి పడుంది. బావ దాన్ని ఎత్తి నీళ్ళ దగ్గర పెట్టి, "బరువు మోస్తలేవు కాళ్ళు. రోజు ఇట్ల పది పదిహేను ఏరుతా" అన్నాడు.

ఇది రోగం కాదు, పుట్టుకలోనే ఉన్నది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్ళు 1957 నాటి, 1978 నాటి, 2005 నాటి జాతులను ఒకే దాణా పెట్టి పక్కపక్కన పెంచి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202 గ్రాములు తూగింది. తినే తిండి అదే, కోడే మారిపోయింది. కండ పరిగెత్తినంత వేగంగా ఎముకలు, గుండె, ఊపిరితిత్తులు పరిగెత్తలేదు. కాళ్ళు పడిపోవడం, పొట్టలో నీరు పట్టడం, నిలబడ్డది నిలబడ్డట్టే గుండె ఆగి వెల్లకిలా పడిపోవడం అందుకే. మే నెల ఎండల్లో మన దగ్గర కోళ్ళు గుట్టలుగా చచ్చేదీ అందుకే. అంత ఒళ్ళు పెట్టుకుని ఆ వేడిని బయటికి తోయలేవు.

జనం దృష్టికి అసలే రానిది వీటి తల్లులు. నలభై రోజుల్లో రెండు కిలోలయ్యే పిల్లను కనాలంటే తల్లికీ అదే ఆకలి, అదే ఒళ్ళు ఉంటుంది. కడుపునిండా పెడితే కొవ్వు పట్టి సరిగా గుడ్లు పెట్టదు, తొందరగా చచ్చిపోతుంది. కాబట్టి బ్రీడర్ ఫారాల్లో వాటికి కొలిచి, తినగలిగిన దానికన్నా చాలా తక్కువ పెడతారు. పిల్లలు తిని తిని కూలబడతాయి, తల్లులు బతికినంతకాలం ఆకలితో ఉంటాయి. బ్రాయిలర్ అనే జాతి తయారైన తీరులోనే ఈ రెండు బాధలూ కలిసి ఉన్నాయి. ఏ రైతు ఎంత దయగా పెంచినా ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా గట్టి వాదన ఇదే.

ఇక లేయర్. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, సుమారు ఐదో వంతు. తెలంగాణ వాటా కలిపితే దేశంలో దాదాపు ప్రతి మూడు గుడ్లలో ఒకటి మనదే. తణుకు, అనపర్తి పేర్లు చెబితే గుడ్ల వ్యాపారం తెలిసినవాడెవడైనా గుర్తుపడతాడు. ఈ కోళ్ళు ఊక మీద తిరగవు, ఇనుప తీగల పంజరాల్లో ఉంటాయి. ఒక్కో కోడికి మామూలుగా దక్కే చోటు ఒక ఏ4 కాగితమంత కూడా ఉండదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొన కాలుస్తారు. ఏడాదికి పైగా అలా నిలబడే బతుకు. ఒంట్లో సున్నమంతా పెంకులకే పోయి ఎముకలు పెళుసెక్కుతాయి. గుడ్లు తగ్గాక మాంసానికి, బ్రాయిలర్ కన్నా తక్కువ ధరకు.

మా నానమ్మ ఇంట్లో నాటుకోళ్ళుండేవి. గుడ్డు పెట్టే ముందు పెట్ట చేసే హడావుడి చూసినవాళ్ళకు పంజరం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచీ ఇల్లంతా కలయతిరిగేది. మంచం కింద, బియ్యం బస్తాల సందులో, గడ్డివాము మూల. ఒక చోట కూర్చుని, నచ్చక లేచి, గొణుక్కుంటూ ఇంకో చోటికి. చివరికి నానమ్మ పాత గంపలో గడ్డి వేసి చీకటి మూలన పెడితే అందులో దూరి గంటసేపు చప్పుడు చేసేది కాదు. పంజరంలో ఉన్న లేయర్‌కి కూడా ప్రతి గుడ్డుకి ముందూ అదే ఆరాటం వస్తుంది. దూరడానికి గంపా లేదు, మూలా లేదు. తీగల మీద అటూ ఇటూ తొక్కిసలాడి అక్కడే పెడుతుంది. ఏడాదికి మూడు వందల సార్లు.

యాభై రూపాయల చట్టం

మరి చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును ఉంచడం నేరం అని అందులో స్పష్టంగా ఉంది. నొప్పి కలిగేలా తరలించడమూ నేరమే. బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడే కోళ్ళను చూసినప్పుడల్లా నాకీ సెక్షనే గుర్తొస్తుంది. శిక్ష? మొదటిసారి అయితే చట్టంలో రాసింది పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయలకు మించకుండా జరిమానా. 1960లో అది డబ్బే. ఇవాళ ప్లేటు ఇడ్లీ.

బ్రిటన్‌లో ఫారాల్లో జీవాల బతుకు మీద వేసిన బ్రాంబెల్ కమిటీ 1965లో అడిగింది చాలా చిన్నది. పెంచే ప్రతి జంతువూ లేచి నిలబడగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్ళు సవరించుకోగలగాలి, కాళ్ళూ రెక్కలూ చాపుకోగలగాలి. దానిలోంచే తర్వాత జంతు సంక్షేమానికి కొలతగా 'ఐదు స్వేచ్ఛలు' వచ్చాయి. మన సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టు తీర్పులో వాటిని మన చట్టంలోకి చదివింది. యూరప్ 1999లో చట్టం చేసి, పదమూడేళ్ళ గడువిచ్చి, 2012 నుంచి మామూలు బ్యాటరీ పంజరాలను తీసేయించింది. మన లా కమిషన్ 2017 జులైలో ఇచ్చిన 269వ నివేదిక మొత్తం కోళ్ళ పెంపకం, తరలింపు మీదే. ముసాయిదా నిబంధనలు కూడా రాసిచ్చింది. ఆ తర్వాత కూడా మన దగ్గర గుడ్డు పంజరంలోంచే వస్తోంది.

మందుల విషయంలో ఒక్కటి గట్టిగా జరిగింది. మనుషులకు ఏ యాంటీబయాటిక్ పనిచేయనప్పుడు చివరగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళకు బరువు పెరగడానికి పెట్టేవాళ్ళు. 2019 జులైలో కేంద్రం దాన్ని నిషేధించింది. కోడి మీద జాలితో కాదు, మన మీద భయంతో.

రొయ్య, పాలు

రొయ్యల దగ్గర నా లెక్క చెదిరిపోతుంది. భీమవరం వైపు రొయ్యల ధర 'కౌంట్' మీద నడుస్తుంది, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్. నలభై కౌంట్ అంటే కిలోకి నలభై ప్రాణాలు. నాలుగు నెలల పంట అనుకుంటే కిలోకి 4,800 రోజులు. రొయ్యకు ఏం తెలుస్తుంది అంటారా? బ్రిటన్ 2022లో చేసిన చట్టంలో రొయ్యలు, పీతలు, ఆక్టోపస్‌లను కూడా బాధ తెలిసిన జీవాల జాబితాలో చేర్చింది. హేచరీల్లో తల్లి రొయ్య తొందరగా గుడ్లకు రావాలని దాని ఒక కంటికాడను నొక్కేయడమో కాల్చడమో చేసే పద్ధతి ఉంది. అది చదివినప్పటి నుంచీ రొయ్యల వేపుడు ముందు నా చెయ్యి కాస్త తటపటాయిస్తుంది. గొర్రె బాధనూ రొయ్య బాధనూ ఒకే తక్కెడలో వేయడం మాత్రం నా వల్ల కాలేదు.

పాలు. రోజుల లెక్కలో పాలంత చవక ఏదీ లేదన్నాను. కానీ గేదె పాలివ్వాలంటే ఈనాలి, ఈనిన దూడల్లో సగం మగవి. ట్రాక్టరు వచ్చాక దున్నతో పనేముంది? ఆడ దూడకు ఒక చన్ను వదిలే ఇళ్ళలో మగ దూడకు అదీ వదలరు. చాలావరకు నెలల్లోనే ఎండిపోయి పోతాయి. లేయర్ హేచరీలో మగపిల్లకు పట్టే గతే ఇక్కడా, కాకపోతే నిదానంగా. మాంసం ముట్టని ఇంట్లో నెయ్యి డబ్బా వెనక కూడా ఈ దూడ ఉంది. తినొద్దని చెప్పడం లేదు. నేను రోజూ పెరుగన్నం తింటాను. "మేం ఏ పాపం ఎరగం" అనే స్వరం మాత్రం తగ్గించుకోవాలి.

'తగ్గించడం' వేరు, 'శాకాహారం' వేరు

ఆ స్వరం గురించి ఇంకొంచెం మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం చేసిన 2014 ఎస్‌ఆర్‌ఎస్ సర్వే ప్రకారం తెలంగాణలో 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98.25 శాతం మాంసాహారులు. ఇలాంటి నేల మీద 'శాకాహారం' అనే మాట తిండిని మాత్రమే చెప్పదు, కులాన్ని చెబుతుంది. హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు కింద 'ఓన్లీ వెజ్' అని రాసేవాళ్ళు కోళ్ళ మీద ప్రేమతో రాయడం లేదు. పెద్దకూర తినేవాళ్ళు పడ్డ అవమానాల సంగతి అందరికీ తెలిసిందే. అందుకే జీవాల బాధ గురించి ఎవరైనా నోరు తెరవగానే సగం మంది చెవులు మూసుకుంటారు, వాళ్ళ అనుమానంలో న్యాయముంది. నా వరకు ఒక కొలత పెట్టుకున్నాను. మాట్లాడేవాడు పొరుగింటివాడి కంచం గురించి మొదలుపెడితే అది కులం. తన కంచంలోని పాలు, గుడ్డు, చికెన్‌తో మొదలుపెడితే అప్పుడు జంతువుల మీద దయ గురించి వింటాను.

తగ్గించడం మనకు కొత్త విద్యా కాదు. శనివారం ముట్టనివాళ్ళు, సోమవారం ముట్టనివాళ్ళు, శ్రావణం, కార్తీకం నెలంతా మానేవాళ్ళు, మాల వేసుకుని నలభై ఒక్క రోజులు ఉండేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. బయటి దేశాల్లో వారానికి ఒక రోజు మాంసం మాన్పించడానికి ఉద్యమాలు నడుపుతుంటే ఇక్కడ మా అమ్మ యాభై ఏళ్ళుగా ఏ నినాదమూ లేకుండా చేస్తోంది. కాకపోతే మన లెక్క దేవుడితో, జీవంతో కాదు. అందుకే కార్తీకం వెళ్ళిన తొలి ఆదివారం దుకాణం ముందు క్యూ వీధి మలుపు తిరుగుతుంది. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు అక్టోబర్ 2న పడ్డాయి. తెలంగాణలో దసరా అంటే మటన్. అహింస రోజున దుకాణాలు మూత అనేసరికి జనమంతా ముందు రోజే కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు!

ఇంకో జాగ్రత్త. ఎవరు తగ్గించాలి? తెలుగు రాష్ట్రాల్లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5)లో ఆంధ్రప్రదేశ్ 58.8 శాతం, తెలంగాణ 57.6 శాతం. ఇంట్లో 'తగ్గిద్దాం' అనగానే ముందు తగ్గేది ఎవరి కంచంలోనో మనకు తెలుసు. ఆఖరున తినేది ఆమె, మిగిలిన మెడ ముక్కా పులుసూ ఆమెకే. అంగన్‌వాడీ గుడ్డు, బడి భోజనంలో గుడ్డు జోలికి ఈ వాదన పోకూడదు. వారానికి నాలుగుసార్లు బిర్యానీ ఆర్డరు పెట్టే నాలాంటివాళ్ళకే ఇది. పూర్తిగా మానేసి పాలు కూడా వదిలేసేవాళ్ళు బి12 మాత్ర వేసుకోక తప్పదు. తగ్గించేవాళ్ళకు ఆ బెంగ లేదు. కందిపప్పులో వంద గ్రాములకు ఇరవై రెండు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, మీల్ మేకర్‌లో యాభై పైనే. తమాషా ఏమిటంటే బావ షెడ్డులో కోడి తినేది మొక్కజొన్న, సోయాలే. మీల్ మేకరూ ఆ సోయాదే.

"పోనీ నాటుకోడి తింటాం, బ్రౌన్ గుడ్లు తింటాం" అనేవాళ్ళకు ఒక మాట. గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. పంజరంలో ఉన్న గోధుమరంగు కోడి కూడా గోధుమరంగు గుడ్డే పెడుతుంది. దుకాణంలో నాటుకోడి పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఊళ్ళో పెరట్లో తిరిగినవి కావు, షెడ్డులో పెంచిన రంగు ఈకల సంకరజాతులు. అవైనా బ్రాయిలర్ కన్నా మెల్లగా పెరుగుతాయి, కాళ్ళ మీద నిలబడతాయి. నాకు అది చిన్న తేడా కాదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలను తయారుచేసింది. నిజమైన పెరటికోడి దొరికితే ధర బ్రాయిలర్‌కు రెండు మూడు రెట్లు. మంచిగా బతికిన జీవాన్ని తినడం డబ్బున్నవాడికే కుదిరే పని అయిపోయింది. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒక్కటి తప్ప: అదే డబ్బుకు తక్కువసార్లు తినడం. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది అదే. బ్రాయిలర్ మానేశాం. పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు మటన్. గుడ్లు మా వీధి చివర కోళ్ళు పెంచుకునే ఒకావిడ దగ్గర, ఉన్నప్పుడు ఉన్నన్ని. అబ్బాయి బయట ఏం తింటాడో అడగను.

నేనొక్కణ్ణి మానితే ఆగుతుందా అన్న ప్రశ్న బావనే అడిగాను. ఆయనకు నా ఆలోచనలు ముందు నుంచీ తెలుసు, నవ్వుకుంటాడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ అడిగే దిక్కు లేక ఆయన మొహం ఎలా మాడిందో నేను చూశాను కాబట్టి, ఈ ప్రశ్న అడగడానికి కొంచెం ఇబ్బంది పడ్డాను కూడా.

"ఒక్కనితోని ఏమైతది" అన్నాడు. "గాని జనం తినకుంటె కంపెనోనికి మనకన్న ముందే ఎరుక. శ్రావణం ఒస్తున్నదంటె వాడే పిల్లల్ని తగ్గిస్తడు. మొన్న నాకు నెల గ్యాప్ ఇచ్చిండు."

"అంటే ఆ నెలలో పది వేల కోళ్ళు పుట్టలేదు కదా బావా."

"పుట్టలే. నా బ్యాంకు కిస్తీ మాత్రం పుట్టింది" అన్నాడు. "నువ్వు తినుడు తగ్గిస్తవ్, మంచిదే. లోను ఎవడు కడ్తడు?"

ఏం చెప్పాలో తోచలేదు. షెడ్డు తలుపు తీసే ఉంది. నేల కడిగి, గోడలకు సున్నం కొట్టి, డ్రింకర్లు తోమి వరసగా వేలాడదీశారు. ఓ మూల కొత్త ఊక బస్తాలు. ఇంత పెద్దదా ఈ షెడ్డు అనిపించింది. వినాయక నిమజ్జనం అయినంక పిల్లల్ని దించుతరంట అని అక్క లోపలి నుంచి చెప్పింది.